ఒకే కారుకి రెండు పాలసీలు. ఒకటి రద్దు చేస్తే డబ్బు వెనక్కి వస్తుందా?

తెల్లకారు
అందరికీ నమస్తే. చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది, అయినా అడుగుతున్నా. కారు నాన్నగారి పేరు మీద ఉంది. గడువు అయిపోయే ముందు నేను ఆన్‌లైన్‌లో రెన్యూ చేసి, పీడీఎఫ్ ఇంట్లోవాళ్ళ గ్రూపులో పడేశాను. ఎవరూ తెరవలేదు. నిన్న కారు అరలో టైరు గేజ్ కోసం చెయ్యి పెడితే, నాలుగు మడతలు పెట్టిన ఇంకో పాలసీ చేతికొచ్చింది! నాకన్నా రెండు రోజుల ముందే నాన్న తన పాత ఏజెంటుకి కట్టేశారట. "నువ్వు మర్చిపోతావని కట్టాను రా" అన్నారు.

కంపెనీలు వేరు. రెండూ ఒకే అర్ధరాత్రి మొదలయ్యాయి. నాన్న కట్టినది 9,341, నేను కట్టినది 11,229. రెండూ ప్యాకేజీ పాలసీలే (సొంత కారు నష్టం, ఎదుటివాళ్ళ నష్టం రెండూ కలిపినవి), ఐడీవీ, అంటే బీమాలో రాసిన కారు విలువ, దాదాపు ఒకటే. మొదలై రెండు వారాలు అయింది. ఎక్కువ కట్టింది నేనే కాబట్టి నాది రద్దు చేసుకుందామనుకుంటున్నా. మొత్తం వస్తుందా, కోత పడుతుందా?

అర్ధరాత్రి_డ్రైవర్
ఫ్రీ లుక్ ఉంటుంది కదా బ్రో. 30 రోజుల్లోపు వద్దంటే మొత్తం ఇచ్చేస్తారు.

పాతబండి
అది జీవిత బీమాకి, ఆరోగ్య బీమాకి. కారు బీమాకి ఫ్రీ లుక్ లేదు. దయచేసి దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

తెల్లకారు గారూ, మీది డబుల్ ఇన్సూరెన్స్ కేసు. 2002 మోటార్ టారిఫ్‌లో, అంటే బండ్ల బీమా నియమాల పుస్తకంలో, దీనికి విడిగా నియమం ఉంది. ఒకే బండికి ఒకే రకం కవర్‌తో రెండు కంపెనీల పాలసీలు ఉంటే, తర్వాత మొదలైనదాన్ని రద్దు చేస్తారు, మిగిలిన రోజుల లెక్కన డబ్బు ఇస్తారు. ముందుదాన్ని రద్దు చేయాలంటే మాత్రం షార్ట్ పీరియడ్ పట్టిక పడుతుంది. అందులో నెలలోపు అయితే ప్రీమియంలో 20 శాతం వాళ్ళు ఉంచుకుంటారు, రెండో నెలకి 30, మూడో నెలకి 40, అలా నెలకి పది చొప్పున పెరుగుతూ పోతుంది. ఎనిమిది నెలలు దాటితే ఒక్క రూపాయి రాదు. కాబట్టి నానబెట్టకండి.

తెల్లకారు
మరి రెండూ ఒకే క్షణాన మొదలైతే ఏది ముందు, ఏది వెనక?

పాతబండి
అక్కడే పీటముడి. ఇష్యూ చేసిన తేదీ చూస్తారనుకుంటా. ఆ లెక్కన మీదే వెనక.

బీమా_బాబాయ్
ఆ పట్టిక తర్వాత చూద్దాం. ముందు నాయనా, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఓన్ డ్యామేజ్ (సొంత కారు నష్టం) గడిలో ఎన్‌సీబీ, అదే క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు, ఎంత వేశారో చెప్పు. ఒకే కారు, ఒకే ఐడీవీ, అయినా 1,888 తేడా వచ్చిందంటే అది ఊరికే రాదు.

తెల్లకారు
బాబాయ్ గారూ, ఇవిగో అంకెలు.

నాది: ఓన్ డ్యామేజ్ 6,100, ఎన్‌సీబీ సున్నా. థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ళ నష్టం) 3,416. పైన 18 శాతం జీఎస్టీ.
నాన్నది: ఓన్ డ్యామేజ్ 6,000, ఎన్‌సీబీ 25 శాతం పోగా 4,500. థర్డ్ పార్టీ అదే 3,416. జీఎస్టీ అంతే.

నాన్నకి స్కూటర్ పాలసీలో పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంది కాబట్టి రెండింట్లోనూ అది తీసుకోలేదు.

బీమా_బాబాయ్
పోయిన ఏడాది క్లెయిమ్ ఏమైనా చేశారా?

తెల్లకారు
చేశాం. వెనక బంపర్, డిక్కీ తలుపు. అందుకే నేను ఆన్‌లైన్‌లో "క్లెయిమ్ చేశాను" అని టిక్ పెట్టాను.

బీమా_బాబాయ్
ఇప్పుడు అర్థమైందా? క్లెయిమ్ చేసిన మరుసటి రెన్యూవల్‌కి ఎన్‌సీబీ సున్నాకి పడిపోతుంది. మళ్ళీ ఒక ఏడాది క్లెయిమ్ లేకుండా గడిస్తే 20, ఆ తర్వాత 25, 35, 45, 50. మీ నాన్నగారి పాలసీలో 25 శాతం వేశారంటే, ప్రపోజల్‌లో "క్లెయిమ్ లేదు" అని ఎవరో రాశారు. రాసింది ఏజెంటే అయినా, ఆ మాట మీ నాన్నగారు చెప్పినట్టే లెక్క.

రేపు పెద్ద దెబ్బ తగిలిందనుకో. సర్వేయర్ వస్తాడు, కంపెనీ పాత కంపెనీని ఎన్‌సీబీ అడుగుతుంది, వాళ్ళు "క్లెయిమ్ ఇచ్చాం" అంటారు. ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ అక్కడే ఇరుక్కుంటుంది. నేను ముప్ఫై ఏళ్ళు ఆ క్లెయిమ్‌ల బల్ల దగ్గరే కూర్చున్నా. పదిహేను వందలు మిగిలిందని సంబరపడ్డవాళ్ళు రెండు లక్షల బిల్లు పట్టుకుని నా ముందు ఏడ్చారు. నీది ఉంచుకో, చవకగా వచ్చినదాన్ని వదిలించుకో.

ఏజెంట్‌నేనే
అందరూ ఏజెంట్ల మీద పడకండి. సగం మంది కస్టమర్లు "క్లెయిమ్ లేదన్నా, రాసెయ్" అంటారు. పాత పాలసీ కాపీ కూడా ఇవ్వరు, ఫోన్‌లో సగం కట్ అయిన ఫోటో పంపుతారు. నేను మటుకు క్లెయిమ్ ఉందో లేదో సంతకం పెట్టించుకుంటా.

ఇంకో దారి కూడా ఉంది. నాన్నగారి పాలసీయే ఉంచుకోవాలనుకుంటే, తప్పు ఎన్‌సీబీ పడిందని కంపెనీకి మీరే రాసి తేడా కట్టేయొచ్చు. 1,500, దాని మీద జీఎస్టీ 270, మొత్తం 1,770. ఎండార్స్‌మెంట్ (సవరణ కాగితం) వస్తుంది, పాలసీ శుభ్రమవుతుంది.

బీమా_బాబాయ్
ఆ మాట నిజమే. నువ్వు సంతకం పెట్టించుకునే రకం అయితే నీకో దండం.

తెల్లకారు
ఇంకో 1,770 కట్టి, మళ్ళీ నాది రద్దు చేసుకుని... వద్దు బాబోయ్. నాన్నదే రద్దు చేయిస్తా. కానీ పాతబండి గారు చెప్పినదాని ప్రకారం నాన్నది ముందు కొన్నది, కాబట్టి 20 శాతం పోతుందా?

లెక్కలమాస్టారు
పోనక్కర్లేదు. 2024 జూన్ 11న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ జనరల్ ఇన్సూరెన్స్‌కి మాస్టర్ సర్క్యులర్ ఇచ్చింది. మామూలు రిటైల్ పాలసీదారు ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు. ఏడాదిలోపు పాలసీ అయితే, ఆ కాలంలో క్లెయిమ్ లేకపోతే, మిగిలిన రోజులకి దామాషాగా ప్రీమియం వెనక్కి ఇవ్వాలి. కంపెనీ తనంతట తాను రద్దు చేయాలంటే మాత్రం మోసం రుజువు కావాలి, కనీసం 7 రోజుల నోటీసు ఇవ్వాలి.

తేడా ఎంతో చూడండి. 24 రోజులు వాడుకుని రద్దు చేశారనుకుందాం, మిగిలినవి 341 రోజులు.
9,341 × 341 ÷ 365 = 8,727.
పాత పట్టిక ప్రకారం 20 శాతం కోస్తే 7,473.
అంటే 1,254 రూపాయల తేడా.

పాతబండి
సర్క్యులర్ సంగతి తెలుసు మాస్టారూ. కానీ కౌంటర్‌లో కూర్చున్నవాళ్ళు ఇప్పటికీ పాలసీ వెనకపేజీలో అచ్చయిన పట్టికే చూపిస్తున్నారు. పోయిన ఏడాది నాకు అదే జరిగింది. నేను గొడవ పడలేదు, వచ్చింది తీసుకున్నా.

లెక్కలమాస్టారు
గొడవ పడాల్సింది.

నీలిమేఘం
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, నాదీ ఇలాంటిదే. నేను కారు అమ్మేస్తున్నాను, పాలసీకి ఇంకా ఏడు నెలలు ఉంది. అమ్మిన రోజే రద్దు చేస్తే ఏడు నెలల డబ్బు నాకు వస్తుంది కదా? కొనేవాడికి ఎందుకు వదలాలి?

బీమా_బాబాయ్
వద్దమ్మా. కాగితం మారేదాకా దాన్ని కదపకు. మోటారు వాహనాల చట్టం 146 సెక్షన్ ప్రకారం రోడ్డు మీద తిరిగే బండికి థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలి. నువ్వు తాళాలు ఇచ్చేశావు, ఆర్‌సీ ఇంకా నీ పేరు మీదే ఉంది, పాలసీ రద్దయింది, కొన్నవాడు దారిలో ఎవరినో గుద్దాడు. అప్పుడు యాక్సిడెంట్ కేసుల ట్రిబ్యునల్ నోటీసు నీ ఇంటికే వస్తుంది. రికార్డులో ఎవరి పేరుందో వాళ్ళే యజమాని అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. నష్టపరిహారం నువ్వే కట్టాలి.

నీలిమేఘం
అమ్మో. మరి ఏడు నెలల ప్రీమియం వదులుకోవాల్సిందేనా?

ఏజెంట్‌నేనే
వదులుకోవడం ఎందుకు అక్కా, దాన్ని కారు ధరలోనే కలిపి మాట్లాడుకోండి. పేరు మార్పిడి ఫారాలు 29, 30 మీద సంతకాలయ్యాక, కొన్నాయన 14 రోజుల్లోపు కంపెనీకి రాసి పాలసీ తన పేరు మీదకి మార్పించుకోవాలి. 157 సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ మటుకు దానంతట అదే బండితో పాటు వెళ్తుంది. ఓన్ డ్యామేజ్ అలా వెళ్ళదు, ఆయన అడగాలి, కంపెనీ ఒప్పుకోవాలి.

మీకు అసలు విలువైనది రీఫండ్ కాదు, ఎన్‌సీబీ. అది బండిది కాదు, మనిషిది. ఎంత ఉంది మీకు?

నీలిమేఘం
45 శాతం.

ఏజెంట్‌నేనే
అది వదిలేస్తే మామూలు పొరపాటు కాదక్కా. పేరు మార్పిడి కాగానే పాత కంపెనీ నుంచి ఎన్‌సీబీ రిటెన్షన్ లెటర్ (మీ ఎన్‌సీబీ మీకే ఉందని రాసిచ్చే ఉత్తరం) తీసుకోండి. మూడేళ్ళలోపు కొత్త కారు కొంటే అక్కడ వాడుకోవచ్చు. కొన్నాయన పాలసీలో ఎన్‌సీబీ తీసేస్తారు, ఆ తేడా ఆయన కట్టుకోవాలి. ఈ విషయం బేరం అయ్యేముందే చెప్పండి, తర్వాత అలుగుతారు.

నీలిమేఘం
కొత్త కారు ఈ నెలాఖరుకే తీసుకుంటున్నా. థాంక్యూ తమ్ముడూ, ఇది ఎవరూ చెప్పలేదు.

తెల్లకారు
మళ్ళీ నేనే. ఈరోజు రెండు పనులు జరిగాయి, రెండూ చెడ్డవే.

ఒకటి, కంపెనీకి నా మెయిల్ నుంచి రద్దు చేయమని రాశా. "పాలసీదారు నమోదు చేసిన మెయిల్ నుంచే రావాలి" అని తిప్పి పంపారు. చూస్తే పాలసీలో నమోదైన మెయిలూ, ఫోన్ నంబరూ ఏజెంటువి!

రెండు, పొద్దున అమ్మ కారు తిప్పుతూ గేటుకి రాసేసింది. ముందు బంపర్ ఎడమ మూల చీలింది, దాని పక్కన అరచేతి పొడవున పెయింటు లేచిపోయి కింద నల్ల ప్లాస్టిక్ కనిపిస్తోంది. షెడ్డువాడు బంపర్ 3,200, పెయింటు 2,600 అన్నాడు. ఎలాగూ రెండు పాలసీలున్నాయి, రద్దు చేసేముందు ఒకదాంట్లో క్లెయిమ్ పెట్టేస్తే...

లెక్కలమాస్టారు
ఆగండి ఆగండి ఆగండి.

క్లెయిమ్ పెట్టారంటే రీఫండ్ పోయినట్టే. సర్క్యులర్‌లో షరతే అది. పాత నియమంలోనైతే, రెండు పాలసీలూ నడుస్తున్న రోజుల్లో ఏ ఒక్కదాని మీద క్లెయిమ్ వచ్చినా రీఫండ్ లేదు. కాబట్టి "నాదాంట్లో పెట్టి నాన్నది రద్దు చేస్తా" అనే తెలివి కూడా వద్దు.

అసలు చేతికి ఎంత వస్తుందో చూడండి. ప్లాస్టిక్ భాగాలకి 50 శాతం తరుగు, అంటే 3,200లో 1,600. పెయింటింగ్ ఖర్చులో పావు వంతు సరుకు కింద లెక్క, దాని మీద సగం కోత, అంటే 325 పోయి 2,275. 1500 సీసీ లోపు కారుకి తప్పనిసరి కోత 1,000. మొత్తం మీద 2,875 వస్తుంది. దీనికోసం 8,727 పోగొట్టుకుంటారా? వచ్చే ఏడాది రావాల్సిన 20 శాతం ఎన్‌సీబీ కూడా పాయె.

అర్ధరాత్రి_డ్రైవర్
నల్ల ప్లాస్టిక్ మీద నల్ల టేపు వేసెయ్ బ్రో. నా కారు అలాగే రెండేళ్ళుగా తిరుగుతోంది.

తెల్లకారు
మాస్టారూ, నా నోరు మీరు మూయించారు. సొంత డబ్బుతోనే చేయిస్తా. అమ్మకి మటుకు ఈ లెక్క చూపించను, ఇప్పటికే బాధపడుతోంది.

ఏజెంట్‌నేనే
మెయిల్, ఫోన్ ఏజెంటువి ఉన్నాయంటే ఇంకోటి కూడా చూసుకోండి. డబ్బు ఎలా కట్టారు? నాన్నగారు చేతికి నగదు ఇస్తే, ఏజెంటు తన కార్డుతోనో తన యూపీఐతోనో కట్టి ఉంటాడు. ప్రీమియం ఏ ఖాతా నుంచి వచ్చిందో, రీఫండ్ ఆ ఖాతాకే వెళ్ళిపోయే ప్రమాదం ఉంది. ఆ తర్వాత ఆయన వెంట మీరు తిరగాలి. నా సాటివాళ్ళ గురించే చెప్తున్నా, ఏం చేస్తాం.

తెల్లకారు
నగదే ఇచ్చారు. 9,400 ఇస్తే చిల్లర కూడా తిరిగి రాలేదట.

బీమా_బాబాయ్
అయితే మెయిళ్ళు పక్కన పెట్టి, నాన్నగారిని వెంటబెట్టుకుని బ్రాంచికి వెళ్ళు. ముందు మెయిలు, ఫోన్ నంబరు మార్పించు. తర్వాత నాన్నగారి సంతకంతో తెల్లకాగితం మీద ఉత్తరం. అందులో పాలసీ నంబరు, బండి నంబరు, ఏ తేదీ నుంచి రద్దు కావాలో, "ఈ పాలసీ మీద ఎలాంటి క్లెయిమ్ లేదు, చేయబోను" అన్న ఒక్క వాక్యం. జతగా నీ పాలసీ కాపీ, ఆర్‌సీ కాపీ, నాన్నగారి పేరు అచ్చయి ఉన్న క్యాన్సిల్డ్ చెక్కు. రీఫండ్ ఈ ఖాతాకే అని ఉత్తరంలో కూడా రాయి.

నీ పాలసీ కాపీ ఎందుకంటే, బండికి వేరే థర్డ్ పార్టీ కవర్ ఉందని చూడకుండా ఏ కంపెనీ రద్దు చేయదు. చేయకూడదు కూడా.

రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోవడం మర్చిపోకు. రోజుల లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.

కొనబోతున్నా
చిన్న సందేహం. కొత్త కారుకి మూడేళ్ళ థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటారు కదా. షోరూములో పాలసీ ఎక్కువ చెప్తున్నారు. అక్కడే తీసుకుని తర్వాత రద్దు చేసుకోవచ్చా?

పాతబండి
అంత తిరుగుడు ఎందుకు? బయట పాలసీ తీసుకుని షోరూముకి ఇవ్వండి, వద్దనడానికి వాళ్ళకి హక్కు లేదు. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కార్లకి మూడేళ్ళ థర్డ్ పార్టీ తప్పనిసరి, మీ కారు 1000 నుంచి 1500 సీసీ మధ్యదైతే అది 10,640, ఎక్కడ తీసుకున్నా అంతే. తేడా అంతా ఓన్ డ్యామేజ్‌లోనూ యాడ్ ఆన్‌లలోనూ (అదనపు కవర్లు) ఉంటుంది. ఓన్ డ్యామేజ్ ఇప్పుడు ఏడాదికే తీసుకోవచ్చు.

తెల్లకారు
అప్‌డేట్. బాబాయ్ గారు చెప్పినట్టే చేశాం. బ్రాంచిలో అమ్మాయి ఉత్తరం చదివి, "కారణం రాయలేదండి" అంది. నాన్న జేబులోంచి పెన్ను తీయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. సర్క్యులర్ పేజీ ఫోన్‌లో చూపించాక ముద్ర వేసి ఇచ్చింది. సరిగ్గా 24వ రోజుకి రద్దు.

అర్ధరాత్రి_డ్రైవర్
డబ్బు పడిందా?

తెల్లకారు
తొమ్మిది రోజులకి నాన్న ఖాతాలో 7,473 పడింది. పాతబండి గారు అన్నట్టే పట్టిక చూసి కోసేశారు.

పాతబండి
చెప్పానా!

లెక్కలమాస్టారు
ఇప్పుడు వదలకండి. ముందు ఆ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకి రాయండి. పాలసీ కాగితంలో ఆయన మెయిల్ ఉంటుంది. సర్క్యులర్ తేదీ, మీ 341 రోజుల లెక్క, రావాల్సిన 1,254, ఈ మూడు చాలు. కోపం రాయొద్దు. 14 రోజుల్లో తేల్చాలి. పక్కనే ఐఆర్‌డీఏఐ వాళ్ళ ఫిర్యాదుల సైటు బీమా భరోసా పోర్టల్‌లో కూడా నమోదు చేయండి, లేదా 155255కి ఫోన్ చేయండి. అయినా కదలకపోతే, నెల దాటాక ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే బీమా వివాదాలు తీర్చే అధికారి. మన రెండు రాష్ట్రాలకీ ఆఫీసు హైదరాబాదులోనే ఉంది, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు, మీ పన్నెండు వందలు కూడా చూస్తారు.

అర్ధరాత్రి_డ్రైవర్
1,254 కోసం అంబుడ్స్‌మన్ దాకానా?

లెక్కలమాస్టారు
1,254 మీరు నాకు ఇచ్చేస్తారా?

నీలిమేఘం
నా పని అయిపోయింది, చెప్పి వెళ్దామని వచ్చాను. ఆర్‌సీ మారాకే పాలసీ మార్పించాం. కొన్నాయన ఎన్‌సీబీ తేడా మాట వినగానే మొహం ముడుచుకున్నారు కానీ, ముందే చెప్పి ఉన్నందుకు కట్టారు. రిటెన్షన్ లెటర్ కొత్త కారు పాలసీకి ఇస్తే ఓన్ డ్యామేజ్ 14,200 నుంచి 7,810కి దిగింది. రద్దు చేసుకుని ఉంటే ఇందులో సగం కూడా వచ్చేది కాదు.

తెల్లకారు
అక్కా, మీది సూపర్.

నాదీ అయింది. గ్రీవెన్స్ ఆఫీసరుకి మెయిల్ పెట్టిన పదకొండో రోజు 1,254 పడింది. క్షమాపణా లేదు, సంజాయిషీ లేదు, ఖాతాలో ఒక గీత అంతే. బండి వివరాలు చూపే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో ఇంకా రద్దయిన పాలసీ నంబరే కనిపిస్తోంది, అందుకని నా పాలసీ కాపీ కారు అరలో పెట్టాను. ఈసారి మడత పెట్టకుండా.

బీమా_బాబాయ్
అది సరిచేయించమని నీ కంపెనీకి ఒక మెయిల్ పెట్టు. బీమా లేదని చలానా పడితే మొదటిసారి 2,000. నీ దగ్గర కాగితం ఉన్నా, దాన్ని కొట్టేయించుకోవడానికి ఒక పూట పోతుంది.

తెల్లకారు
పెడతాను బాబాయ్ గారూ. ఇంకో చిన్న మాట. నాన్న ఫోన్‌లో ఆ ఏజెంటు నంబరుని "బీమా, ఎత్తొద్దు" అని మార్చి వచ్చాను. సాయంత్రం చూస్తే మళ్ళీ "బీమా తమ్ముడు" అని ఉంది. అడిగితే, "మీ తాతయ్య స్కూటర్‌కి కూడా వాడే కట్టాడు రా" అన్నారు. వచ్చే ఏడు నెల ముందు నుంచే కాపలా కాయాలి.